మన సీమ స్త్రీలును రాజ్యాధికారమును

ఈ సంచికకు చరిత్రవిషయమై యొక వ్యాసము వ్రాయుడని కార్యదర్శులు కోరిరి. వంశముల కథలును, గోత్రముల పట్టికలును లోగడ పలుమారు ప్రకటింపబడియున్నవి గనుక మేము వేఱొక విషయమును గైకొంటిమి. పల్నాటి నాపరాతి నేల మొదలుకొని మోటుపల్లి సముద్రతీరము వఱకును, ప్రత్తియు మిరపయు పండు ఈ సీమలో స్త్రీలు రాజ్యమేలుటయు, సభలలో గూర్చుండుటయు ఎట్లు జరిగినది, ఎచ్చట ఆగినది, ఇకమీదట మనము చేయవలసిన దేమి యనునదే ఆ విషయము.

స్త్రీకి అధికారస్థానము నొసగుట పాశ్చాత్యుల అనుకరణమని కొందఱును, మన దేశమున ఆమెకు ఎన్నడును లోటు లేదని మఱికొందఱును వాదించుచున్నారు. చరిత్ర ఈ ఇరువురి పక్షమునను సాక్ష్య మీయదు. మన సీమలో స్త్రీలు ఏలినారు, చక్కగనే యేలినారు. కాని తండ్రికి కొడుకు లేనందుననో, భర్త మరణించినందుననో, చట్టము నిర్బంధించినందుననో ఆ పీఠమెక్కినవారే వారిలో అనేకులు. తన పేరున, తన యోగ్యతచేత, తానై కోరి పీఠమెక్కిన స్త్రీ మిక్కిలి యరుదు. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొని తక్కిన భాగమును చదువ ప్రార్థితులు.

సభయందు స్త్రీవాక్కు

బృహదారణ్యకోపనిషత్తున జనకుని సభావృత్తాంతము గలదు. యాజ్ఞవల్క్యుని ప్రశ్నించినవారిలో గార్గి యొకతె. మొదటిమారు ఆయన, అతిగా ప్రశ్నింపవలదని హెచ్చరింపగా ఊరకుండినది. అయినను కొంతసేపటికి మరల లేచి, సభాసదులతో చెప్పి, రెండు ప్రశ్నలు వేసినది. ఆ మహావిద్వత్సభలో ఒకమారు అడ్డగింపబడి మరల లేచి మాటాడినది ఆమె. మన గ్రామసభలలో ఒకమారు "నీవు కూర్చుండుమమ్మా" యనిపించుకొన్న స్త్రీ రెండవమారు లేచుట ఎంత కష్టమో యెఱిగినవారికి గార్గి గొప్పతనము బోధపడును.

భారతమున సభాపర్వమందు ద్రౌపది యడిగినది కేవల రోదనము కాదు, న్యాయప్రశ్నము. ముందుగా తన్ను తాను ఓడినవానికి భార్యను పణముగా నొడ్డు హక్కు గలదా యని ఆమె సభ నడిగినది. భీష్మాదులు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనిరి. కౌరవులలో చిన్నవాడైన వికర్ణు డొక్కడే యామె పక్షమున పలికెను. సభలో స్త్రీ పలుకకపోవుట యొక దోషము కాగా, పలికిన ప్రశ్నకు సభ బదులు చెప్పకపోవుట దానికంటె పెద్దదోషము.

ఇక మనుస్మృతి. స్త్రీలను పూజింపవలెనని చెప్పిన ఆ స్మృతియే స్త్రీ స్వాతంత్ర్యమునకు తగదనియు చెప్పినది. మన సభలలో మొదటి వాక్యమును చదివి రెండవ వాక్యమును ఆచరించుట పరిపాటియైనది.

శాసనములు చెప్పు రాణులు

కాకతీయ గణపతిదేవునకు పుత్రసంతానము లేకపోయెను. ఆయన కుమార్తెను పుత్రునివలె పెంచి, రుద్రదేవు డను పురుషనామము నొసగి, రాజ్యభారము నప్పగించెను. పెక్కు శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజుగనే కనబడును. సామంతులు స్త్రీకి లొంగుట కొల్లక తిరుగబడగా ఆమె వారిని అణచెను. రాజ్యమేలుటకు ఆమెకు బుద్ధియు బలమును చాలెను గాని, స్త్రీనామము మాత్రము చాలకపోయెను.

ఆమె దానశాసనములలో ప్రసిద్ధమైనది మన గుంటూరు సీమలోనిదే. క్రీ. శ. 1261 నాటి మల్కాపురశాసనము మందడ గ్రామదానమును తెలుపుచున్నది. విశ్వేశ్వర శివాచార్యుని గోళకీమఠమున కొసగబడిన ఆ దానముతో దేవాలయము, విద్యార్థుల పోషణము, సత్రము, ఆరోగ్యశాల, వానితోబాటు ప్రసూతిశాలయు ఏర్పాటు చేయబడినట్లు అందు గలదు. రాజులు దేవాలయములు కట్టించుట సామాన్యము. ప్రసవించు స్త్రీకొఱకు శాల ఏర్పరచి, దానికి ఆదాయము కల్పించి, రాతిపై చెక్కించుట సామాన్యము కాదు. అధికారస్థానమున స్త్రీ యున్నపుడు పరిపాలనదృష్టి ఎచ్చటికి ప్రసరించునో తెలుపుటకు ఇంతకంటె పురాతన సాక్ష్యము మనకు వేఱు వలయునా?

పదుమూడవ శతాబ్ది చివరిభాగమున వెనిసు నగరవాసియైన మార్కోపోలో మోటుపల్లిని గూర్చి వ్రాసెను. ఈ దేశమును న్యాయశీలయగు రాణి యేలుచున్నదనియు, ఇచ్చట సాలెపట్టువలె సన్నని నూలువస్త్రములు నేయబడుననియు ఆయన కొనియాడెను. కాని యామెను గతించిన రాజునకు భార్యగా భావించెను. కుమార్తె స్వయముగా వారసురాలై యేలుచున్నదని ఆ విదేశీయునకు తోచినట్లు లేదు. శాసనము లామెను పురుషుని జేసినవి. పరదేశి యామెను వితంతువును జేసెను. ఉన్నదున్నట్లు, కుమార్తెగా, ఆమెను చెప్పినవారు తక్కువ.

రుద్రమకు సోదరియగు గణపాంబ కోటవంశపు బేతరాజు పత్ని. ధాన్యకటకము రాజధానిగాగల ఆ సీమను భర్త గతించిన పిమ్మట ఆమె పాలించెను. ప్రత్తిపాటికి చేరువనున్న యెనమదల గ్రామమందలి శాసనము ఆమె ధర్మకార్యములను తెలుపుచున్నది. అక్కాచెల్లెండ్రిరువురు ఏకకాలమున కృష్ణకు ఇరుప్రక్కల రాజ్యము నడపుట మన చరిత్రలో అపూర్వము.

వీరికంటె నూరేండ్లకు మునుపటిది పల్నాటి నాయకురాలు నాగమ్మ కథ. నలగామరాజు కొలువున మంత్రిణియై, రాజకుటుంబమున బుట్టకయే రాజ్యతంత్రము నడపిన స్త్రీగా ఐతిహ్య మామెను చెప్పుచున్నది. కోడిపందెము, మాచెర్లవారి ప్రవాసము, కారెంపూడి యుద్ధము నెల్లరు నెఱుగుదురు. ఆ యుద్ధమునకు ఇరుపక్షముల పంతములును కారణములే. అయినను వీరగాథలు పాడినవారు బ్రహ్మనాయుని దేవునిగా నిలిపి, కుట్రయంతయు నాగమ్మ నెత్తిన వేసిరి. పురుషుడు పన్నిన నీతి చాణక్యమనియు, స్త్రీ పన్నినది మాయోపాయమనియు చెప్పు అలవాటు నేటికిని మన రచ్చబండల కడ పోలేదు. తన బుద్ధిచేతనే పైకి వచ్చిన స్త్రీకి లోకము విధించు సుంక మిదియే.

శరణాలయము మొదలుకొని శాసనసభ వఱకు

చాల శతాబ్దములు దాటి ఇరువదవ శతాబ్దికి వత్తము. 1902 లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరున వితంతు శరణాలయమును స్థాపించిరి. 1922 లో ఆయనయు, ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారును శారదానికేతనము నెలకొల్పి బాలికలకును, అనాథస్త్రీలకును విద్య గఱపిరి. లక్ష్మీబాయమ్మగారు పాఠశాలతో తృప్తి నొందక స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని కారాగారవాసమును అనుభవించిరి. అక్షరము నేర్పిన చేతులే జెండా పట్టినవి. మన సీమ స్త్రీల రాజకీయ చరిత్రకు ఈ పాఠశాలయే తొలిమెట్టని మా యభిప్రాయము.

1921 లో చీరాల పేరాలల జనులు పురపాలకసంఘపు పన్నుల భారమును నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలలతరబడి కాపురముండిరి. అంతకు ముందే పన్ను చెల్లింపనందుకు శిక్ష ననుభవించిన వారిలో ఒక స్త్రీయు గలదు. ఎండలో, వానలో, పాకలలో సంసారము నడపినది ఎవరో చెప్పనక్కఱలేదు. ఉపన్యాసములు పురుషులవి, ఉద్యమము నిలిపిన పొయ్యి స్త్రీలది.

ఆ 1921 లోనే మదరాసు శాసనసభ స్త్రీలకు ఓటుహక్కు నంగీకరించెను. అయినను ఆస్తి గలవారికే యా హక్కు. ఆస్తి గల స్త్రీలు ఎందఱు? 1926 ఎన్నికలలో కమలాదేవి ఛటోపాధ్యాయ మంగళూరునుండి పోటీ చేసి కొలది ఓట్లతో ఓడిరి. ముత్తులక్ష్మీ రెడ్డిగారు ప్రభుత్వముచే నియమింపబడి సభ్యురాలై, 1927 లో శాసనమండలికి ఉపాధ్యక్షురా లైరి. 1935 నాటి రాజ్యాంగచట్టము మదరాసు శాసనసభలో స్త్రీలకు 8 స్థానములు కేటాయించెను. మఱియు భర్త ఆస్తినిబట్టి భార్యకు ఓటు గలుగు పద్ధతిని విస్తరించెను. ఇచ్చటను భర్త పేరే!

1937 లో రుక్మిణీ లక్ష్మీపతిగారు సభకు ఉపాధ్యక్షురా లైరి. 1946 లో ఒంగోలు సీమలో జన్మించిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రి యైనపుడు ఆమెను ఆరోగ్యశాఖామంత్రిణిగా గైకొనిరి. నేడొక జిల్లాకు ఆయన పేరు గలదు. ఆయన చేసిన యీ పనిని మాత్రము ఆ జిల్లావారును మఱచిరి. 1946 లోనే అమ్మన్నరాజాగారు మదరాసు సభకు ఉపసభాపతి యైరి. ముత్తులక్ష్మి, రుక్మిణి, అమ్మన్నరాజా: ముగ్గురును ఉపస్థానముననే యుండిరని పాఠకులు గమనింతురు గాక. తెలుగువారి శాసనసభలో స్త్రీ ప్రధానపీఠ మెక్కుటకు 1999 లో కావలి ప్రతిభాభారతిగారు సభాపతి యగు వఱకు వేచియుండవలసి వచ్చెను. ఉపపీఠమునుండి పీఠమునకు దూరము డెబ్బది రెండేండ్లు!

స్వతంత్రభారతమున

రాజ్యాంగనిర్మాణసభలో 15 మంది స్త్రీ లుండిరి. మన తెలుగుబిడ్డ దుర్గాబాయిగారు వారిలో నొకరు. ప్రత్యేకస్థానములు వలదనియు, యోగ్యతచేతనే స్త్రీలు వత్తురనియు రేణుకా రే మొదలగువారు ఆనాడు పలికిరి. ఆ విశ్వాసము గౌరవింపదగినదే గాని లోకము దానిని నిలుపలేదు. దుర్గాబాయిగారంతటి మహనీయురాలే 1952 లో రాజమహేంద్రవరమునుండి లోకసభకు నిలిచి ఓడిరి. మొదటి లోకసభలో స్త్రీలు పాతికమందికి మించలేదు.

ఆ ఎన్నికల జాబితాలు తయారైనపుడే మఱొక విచిత్రము జరిగెను. ఉత్తరదేశపు రాష్ట్రములలో అనేక స్త్రీలు తమ పేరు చెప్పుట కంగీకరింపక, ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి యని వ్రాయించుకొనిరి. సొంత పేరు లేనందున సుమారు 28 లక్షల స్త్రీల నమోదులు కొట్టివేయబడినవి. పేరు లేనిచో ఓటు లేదు. ఓటు లేనిచో పీఠము లేదు.

మన సీమకు మరలుదము. ఒంగోలు లోకసభ స్థానమునుండి 1996 లో మాగుంట పార్వతమ్మగారు, భర్త సుబ్బరామిరెడ్డిగారు హత్యకు గురియైన పిమ్మట, ఎన్నికైరి. బాపట్లనుండి 2004 లో దగ్గుబాటి పురందేశ్వరిగారును, 2009 లో పనబాక లక్ష్మిగారును ఎన్నికైరి. గుంటూరు, నరసరావుపేట స్థానములనుండి 2024 ఎన్నికలతో గలిపి చూచినను ఒక్క స్త్రీయు లోకసభకు పోలేదు. శాసనసభ విషయమున కొంత మేలు. ప్రత్తిపాడునుండి పలుమార్లు గెలిచిన మేకతోటి సుచరితగారు 2019 లో రాష్ట్ర హోంమంత్రిణి యైరి. 2024 లో గుంటూరు పశ్చిమమున రెండు ప్రధానపక్షముల అభ్యర్థులును, గళ్ళా మాధవిగారు, విడదల రజనిగారు, స్త్రీలే యగుట మేము విశేషముగా నెంచుచున్నాము. స్త్రీని నిలిపిన ఓట్లు రావను పక్షనాయకుల వాదమునకు ఆ యెన్నికయే సమాధానము. ఇచ్చట మేము ఏ పక్షమును పొగడుటలేదు, తెగడుటలేదు. లెక్క మాత్రమే చెప్పుచున్నాము.

2024 లో ఎన్నికైన లోకసభయందు 543 మందిలో స్త్రీలు 74 గురు. నూటికి పదునలుగురైనను లేరు. 1996 లో మొదట ప్రవేశపెట్టబడిన స్త్రీల స్థానముల బిల్లు పలుమార్లు ఆగి, 2023 సెప్టెంబరులో 106 వ రాజ్యాంగసవరణమై చట్టరూపము దాల్చెను. లోకసభలో 454 గురు అనుకూలముగను ఇరువురు ప్రతికూలముగను ఓటు వేసిరి. లోకసభలోను శాసనసభలలోను మూడవవంతు స్థానములు స్త్రీలకు చెందవలెననియు, జనగణనమును నియోజకవర్గముల పునర్విభజనమును జరిగిన పిమ్మట అది యమలుకావలెననియు ఆ చట్టమున నిబంధించిరి. పీఠములు వచ్చును. వానిపై గూర్చుండువారిని సిద్ధపఱచితిమా యనునదే ప్రశ్న.

పంచాయతీలు నేర్పిన పాఠము

ఈ ప్రశ్నకు సమాధానము పంచాయతీల చరిత్రలో గలదు. 1993 లో అమలునకు వచ్చిన 73 వ రాజ్యాంగసవరణముచే గ్రామ, మండల, జిల్లా సంస్థలలో మూడవవంతునకు తగ్గకుండ స్థానములు స్త్రీల కొసగబడినవి. మన రాష్ట్రమున 2011 చట్టసవరణముచే అది సగ మైనది. 2021 లో గుంటూరు, ప్రకాశము జిల్లాపరిషత్తు లీరెంటికిని కత్తెర క్రిస్టినాగారు, బూచేపల్లి వెంకాయమ్మగారు అధ్యక్షురాండ్రైరి. ఒంగోలు నగరమునకు గంగాడ సుజాతగారు మేయరైరి. ఒక్క తరములో ఇంత మార్పు ఏ రాజును తేలేకపోయెను.

కాని గ్రామమునకు దిగి చూచినచో వేఱొక దృశ్యము. స్థానము స్త్రీలకు వచ్చినదని తెలిసిన రాత్రి పెద్దలు రచ్చబండ కడ గూడుదురు. ఏకగ్రీవము చేయుదమందురు. ఎవరి భార్యను నిలుపవలెనో నిశ్చయింతురు. ఆ నిశ్చయము జరుగుచోట ఒక్క స్త్రీయు నుండదు. గెలిచిన పిమ్మట ప్రమాణము ఆమెది, కుర్చీ ఆయనది; సంతకము ఆమెది, లెక్క ఆయనది. "సర్పంచిగారు" అని పిలిచిన పలుకువాడు భర్త! ఆమె యెచ్చట? మిరపకల్లములో తొడిమలు తీయించుచున్నది. లేదా చేలో ప్రత్తితీతకు కూలీలను గూర్చుచున్నది. ముప్పది కూలీల హాజరు తప్పక చెప్పగల ఆ యిల్లాలికి పంచాయతీ లెక్క రాదనుట న్యాయమా? కల్లమునకు పోవు బస్తాలు, పురుగుమందు దుకాణపు బాకీ, మిర్చియార్డున పలికిన ధర, బ్యాంకు వడ్డీ, ఇవి యన్నియు ఆమె నోటనే యుండును. పంట పోయి, అప్పు మిగిలి, పురుషుడు ప్రాణము తీసికొన్న యిండ్లలో ఆ భారము మోసి పిల్లలను చదివించినదియు స్త్రీయే.

స్త్రీలు గుమిగూడిన ఏమి చేయగలరో 1992 లో పొరుగు నెల్లూరు జిల్లా దూబగుంట చూపినది. అక్షరదీపపు పాఠములు చదువుకొన్న స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతయు నంటుకొనగా 1993 లో సారాయు, 1995 లో సంపూర్ణముగా మద్యమును నిషేధింపబడెను. ఆ నిషేధము పిమ్మట సడలినది గాని, చదువు వచ్చిన స్త్రీ మొదట అడుగు ప్రశ్న యేదో దూబగుంట తెల్పినది. డ్వాక్రా పొదుపుసంఘములు ఊరూర నెలకొని, మినిట్స్ పుస్తకమును, తీర్మానమును, సంతకమును వారికి అలవాటు చేసినవి. ఇంత శిక్షణ గల స్త్రీలు సర్పంచి పీఠమున భర్తచాటున నిలుచుటకు కారణము వారి అసమర్థత కాదు. మన మర్యాదయను పేరిట సాగు మన పెత్తనము.

మన సంఘము చేయవలసినది

మన సంఘము విద్యార్థివసతిగృహములు కట్టినది, విద్యావేతనములు ఒసగినది. అందులకు మన పెద్దలు వంద్యులు. అయితే మహాసభ వేదికపై కూర్చుండువారిని ఒకమారు చూడుడు. స్త్రీలు స్వాగతగీతము పాడుటకును, హారతి యిచ్చుటకును వేదిక నెక్కి దిగుచున్నారు. మేము ఉపాధ్యాయులమై యున్న కాలమున తరగతి నాయకుడెవరని యడిగిన బాలురే చేతు లెత్తెడివారు. మార్కులు మాత్రము బాలికలవి. చేయి యెత్తుట నేర్పనిది తరగతి తప్పు గాని బాలిక తప్పు కాదు. కనుక మహాసభవారి సముఖమునకు ఈ సూచనలు సమర్పించుచున్నాము.

ఒకటి: సంఘ కార్యవర్గమున మూడవవంతు స్థానములు స్త్రీలకు ఈ మహాసభలోనే యొసగవలెను. దేశమునకు చట్టమైనది మన యింటికి తీర్మానమైనను కావలదా? వారు కార్యదర్శులుగను, కోశాధిపతులుగను ఉండవలెను. ఉపాధ్యక్ష పదవితో సరిపుచ్చరాదు.

రెండు: ఎన్నికలలో నిలుచు స్త్రీలకు సహాయనిధి యొకటి ఏర్పఱచవలెను. శాసనసభకు పోటీచేయు సామాన్య అభ్యర్థి 10,000 రూపాయలును, లోకసభకు 25,000 రూపాయలును ధరావతు కట్టవలెను. తక్కిన వ్యయము దానికి ఎన్నోరెట్లు. తన పేరున సెంటు భూమి లేని స్త్రీ యెవరి చేయి చూడవలెను? 1985 సెప్టెంబరునుండి మన రాష్ట్రమున అవివాహిత పుత్రికకు ఉమ్మడియాస్తిలో పుత్రునితో సమానహక్కు గలదు. 2005 లో దేశమంతట పుత్రికల కెల్లరకును ఆ హక్కు వచ్చెను. హక్కు పత్రమునందున్నది, పొలము మాత్రము కట్నమను పేర అల్లుని చేతిలోనున్నది. కుమార్తెకు భూమి ఆమె పేరున వ్రాయుట రాజకీయవిద్యలో మొదటి పాఠము.

మూడు: వేసవి సెలవులలో మన వసతిగృహములందు పంచాయతీచట్టము, ఆదాయవ్యయపట్టిక, గ్రామసభ నిర్వహణము నేర్పు తరగతులు స్త్రీలకొఱకు నడపవలెను. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులును, ఉద్యోగులును మన సంఘమున పెక్కురు గలరు. మేమును ఆ పనికి సిద్ధముగనున్నాము.

నాలుగు: ఇది కొందఱికి కష్టము తోచును. మన గ్రామములలో సర్పంచి స్థానము ఇతర కులముల స్త్రీలకు, ముఖ్యముగా దళితస్త్రీలకు వచ్చును. అట్టిచో ఆమెకు కుర్చీ వేయుట, ఆమె పిలిచిన సభకు పోవుట, ఆమె సంతకమును ఆమెయే చేయనిచ్చుట మన కులగౌరవమునకు పరీక్ష. కులసంఘము తన కులస్త్రీకి మాత్రమే తోడుపడిన అది బంధుప్రీతి యగును. ఊరి స్త్రీకి తోడుపడిన ధర్మ మగును.

ఐదు: స్త్రీ యెన్నికైన యింటి పురుషులకు మా మనవి. పంచాయతీ కార్యాలయమునకు ఆమె పోవునపుడు మీరు ఇంట నుండుడు. పిల్లవానికి అన్నము పెట్టుడు, కల్లమునకు కాపుండుడు. అదియే మీరు చేయగల దేశసేవ.

గణపతిదేవుడు కుమార్తెకు రాజ్య మిచ్చుటకు ఆమె పేరు మార్చవలసి వచ్చెను. ఏడునూర్ల యేండ్ల పిమ్మటను మనము పేరు ఆమెది యుంచి పెత్తనము మార్చుచున్నాము. పేరును పెత్తనమును ఒక్కరివే యైన నాడు ఈ చరిత్ర పూర్తియగును. రుద్రమదేవి దానశాసనము నిలిచిన మల్కాపురమునకు చేరువనే, వెలగపూడియందు, 2017 నుండి మన రాష్ట్ర శాసనసభ సమావేశమగుచున్నది. ప్రసూతిశాలకు ఆదాయము కల్పించిన శాసనమునకును, నేడు శాసనములు చేయు సభకును నడుమ దూరము నడచిపోదగినంతయే. మన సీమ బాలికలను ఆ రాతిని చూపుటకు కొనిపోయినపుడు, ఆ సభాభవనమునుగూడ చూపి, అందు వారి స్థానమును గూర్చి చెప్పుడని తల్లిదండ్రులను ప్రార్థించుచు విరమించుచున్నాము.

శుభమ్.